భయం పోయింది, పుర్రె మిగిలింది

1971లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రికి ఒక చిక్కు ఎదురైంది. విషపు సీసాల మీద పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు వేయడం ఆ దేశంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ బొమ్మను చూడగానే పిల్లలు దూరం జరగాలి. కానీ అక్కడి పిల్లలకు దాన్ని చూస్తే సముద్రపు దొంగలు, ఓడలు, సాహసాలు గుర్తొస్తున్నాయి. పైగా ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పేరే పైరేట్స్, అంటే సముద్రపు దొంగలు. దాంతో ఆసుపత్రిలోని విష చికిత్స కేంద్రం పుర్రెను పక్కన పెట్టి, నాలుక బయటపెట్టి మొహం చిట్లించిన ఒక ఆకుపచ్చ ముఖాన్ని తయారు చేసింది. పేరు మిస్టర్ యక్. ఏ బొమ్మను చూస్తే ముట్టుకోబుద్ధి కాదో పిల్లలనే అడిగి ఎంచుకున్న ముఖం అది.

మన దగ్గర పుర్రె ఇంకా ఆ పాత పని చేస్తూనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన డేంజర్ బోర్డు మీద కనిపిస్తుంది. అత్యంత విషపూరితమైన పురుగు మందుల డబ్బాలపై ఎర్ర గుర్తుతో పాటు పుర్రె, ఎముకలు ఉండాలని 1971 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పత్తి చేలో మందు కొట్టే రైతుకు ఆ బొమ్మ అంటే ప్రాణాపాయమే. అదే రైతు కొడుకు సిటీలో బుల్లెట్ బండి కొని ట్యాంకు మీద పుర్రె స్టిక్కర్ వేయించుకుంటాడు. బెల్టు బకిల్ మీదా, పర్సు మీదా, వేలి ఉంగరం మీదా అదే పెట్టుకుంటాడు. తండ్రి జాగ్రత్తపడే బొమ్మను కొడుకు ముచ్చటపడి కొనుక్కుంటున్నాడు.

మామూలుగా భయపెట్టడం మానేసిన గుర్తును జనం మర్చిపోతారు. పుర్రె విషయంలో అలా జరగలేదు. కుర్రకారుకు తిరుగుబాటు ఇష్టం కాబట్టి పుర్రె నడుస్తోందని చాలామంది తేల్చేస్తారు. ఆ జవాబు నాకు సరిపోదు. తిరుగుబాటు గుర్తులు తరం తరానికీ మారతాయి. పుర్రె అలా కాదు. 1533లో హాన్స్ హోల్బైన్ గీసిన 'రాయబారులు' చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఖరీదైన బట్టలు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషుల కాళ్ల దగ్గర ఏదో సాగదీసిన మరక లాంటిది ఉంటుంది. ఒక పక్కకు వెళ్లి ఏటవాలుగా చూస్తే అది పుర్రె. దాదాపు అయిదు వందల ఏళ్ల కిందటి ఆ కపాలానికీ ఈనాటి బైకు మీది కపాలానికీ రూపంలో పెద్ద తేడా లేదు. నాకు తోచిన కారణం ఏమిటంటే, మనుషుల మధ్య మనం గీసుకునే తేడాలన్నీ చర్మం దగ్గరే ఆగిపోతాయని పుర్రె చూపిస్తుంది. అందం, రంగు, హోదా, ఇవేవీ ఎముక మీద కనిపించవు. ఆ మాట చెప్పడానికి తోలు కంటే సరైన చోటు మరొకటి లేదు, ఎందుకంటే తోలు కూడా ఒక చర్మమే.

చేతితో తోలు చెక్కేవాళ్లు పుర్రెను ఎందుకంత ఇష్టపడతారో ఆ పనిలోకి వెళ్తే తెలుస్తుంది. ముందు తోలు సంగతి. ఈ రోజు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసినదే. అది మెత్తగా ఉంటుంది, జాకెట్లకూ బ్యాగులకూ బాగా పనికొస్తుంది. కానీ దాని మీద నొక్కిన గుర్తు నిలవదు. చెక్కడానికి చెట్ల బెరడుతో, కాయలతో పదును చేసిన తోలు కావాలి. ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి 'ఈస్ట్ ఇండియా తోలు' పేరుతో ఇంగ్లండుకు ఎగుమతైన తోళ్లను తంగేడు బెరడుతో పదును చేసేవారు, కరక్కాయ కూడా వాడేవారు. బతుకమ్మలో పేర్చే పువ్వు ఆ తంగేడుదే. ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెట్టు బెరడుకు ఇంత చరిత్ర ఉందని మన బడి పుస్తకాల్లో రాస్తే ఎంత బాగుంటుంది!

అలాంటి తోలును తడిపి, కాస్త ఆరనిచ్చి, వేళ్ల మధ్య తిరిగే చిన్న కత్తితో గీతలు కోస్తారు. తర్వాత ఇనుప అచ్చును గీత పక్కన ఆనించి సుత్తితో కొడుతూ పోతారు. ఒక పక్క అణిగేసరికి రెండో పక్క పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఎత్తుపల్లాలు స్పష్టంగా ఉన్న బొమ్మ అయితేనే ఈ పని పండుతుంది. పుర్రెలో అవన్నీ ఉన్నాయి. గుండ్రటి నుదురు, లోతైన కంటి గుంతలు, ముక్కు ఉండాల్సిన చోట ఖాళీ, వరుసగా పళ్లు. మనిషి ముఖం చెక్కేటప్పుడు కన్ను వెంట్రుకవాసి పక్కకు పోయినా పోలిక చెడిపోతుంది. పుర్రెకు ఎవరి పోలికా అక్కర్లేదు. చెయ్యి జారి ఒక గీత ఎక్కువ పడితే దాన్ని పగులుగా మార్చేయొచ్చు. కొత్తగా పని నేర్చుకునేవాడికి అది ధైర్యం ఇస్తుంది, చెయ్యి తిరిగినవాడికి ఎముక మీది ప్రతి గరుకునూ చూపించే అవకాశం ఇస్తుంది. రూపాయి బిళ్లంత చోటులో చెక్కినా, వీపు నిండా చెక్కినా చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

రంగు వేసేటప్పుడు అసలు అందం బయటపడుతుంది. ముదురు రంగు పూసి గుడ్డతో తుడిస్తే అది ఎత్తుగా ఉన్న చోట పోతుంది, గుంతల్లో నిలిచిపోతుంది. నీడలు వాటంతట అవే ఏర్పడతాయి. ఆ తర్వాతి పని వాడకందారుది. ఎండకూ చేతి జిడ్డుకూ తోలు ముదురుతుంది. నుదురు, చెంప ఎముకలు జేబు రాపిడికి నున్నబడి మెరుస్తాయి. కంటి గుంతలు ఇంకా నల్లబడతాయి. ఏళ్ల తరబడి వాడిన పర్సు మీది పుర్రె కొన్ననాటి కంటే బాగుంటుంది. ఒక జంతువు చర్మం మీద, చర్మం కింద దాగి ఉండే ఎముకను మనిషి చెక్కించుకుని, దాన్ని తన ఒంటికి ఆనించుకుని తిరుగుతాడు. బొమ్మ, పదార్థం, మనిషి, ముగ్గురూ ఒకే దారిలో ముదురుతుంటారు. రెక్సిన్ మీద వేడి అచ్చుతో గుద్దిన పుర్రెలో ఇదేమీ జరగదు. కొన్నాళ్లకు పెచ్చులూడిపోతుంది, అంతే.

అమెరికాలో తోలు జాకెట్ మీదికి పుర్రె వచ్చిన దారి వెతికితే అందులో ఒక పాయ యుద్ధ విమానాల దగ్గర తేలుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక సిబ్బంది తమ తోలు జాకెట్లపై దళం గుర్తులు కుట్టించుకునేవారు, వీపు మీద రంగుల బొమ్మలు వేయించుకునేవారు. 1943 జనవరిలో ఏర్పడిన అమెరికా నౌకాదళపు వీఎఫ్-17 విమాన దళం పేరు జాలీ రోజర్స్, గుర్తు పుర్రె, ఎముకలు. యుద్ధం ముగిసి ఇంటికి తిరిగొచ్చిన కుర్రాళ్లలో కొందరికి మామూలు బతుకు కుదరక బైకుల మీద గుంపులుగా తిరగడం మొదలుపెట్టారు. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్‌లో బైకర్లు చేసిన గొడవ దేశమంతా వార్త అయింది. మరుసటి ఏడాది హెల్స్ ఏంజెల్స్ క్లబ్ పుట్టింది. 1953లో వచ్చిన 'ది వైల్డ్ వన్' సినిమాలో మార్లన్ బ్రాండో జాకెట్ వీపు మీద పుర్రె, దాని వెనుక అడ్డంగా రెండు పిస్టన్లు కనిపిస్తాయి. అప్పటి నుంచి నల్ల తోలు, మోటార్‌సైకిల్, కపాలం ఒకే మాటగా చలామణీ అయ్యాయి. బండి మీద వేగంగా పోయేవాడి ఒంటికీ రోడ్డుకీ మధ్య ఉండేది ఆ తోలు ఒక్కటే. పడితే ముందు చిరిగేది అదే. దాని మీద పుర్రె వేసుకోవడంలో బడాయి ఎంత ఉందో, ఒక నిజం ఒప్పుకోవడమూ అంతే ఉంది.

అలాగని ఆ క్లబ్బులకు నేను వంత పాడను. హెల్స్ ఏంజెల్స్‌ను అమెరికా న్యాయ శాఖ నేర ముఠాగానే లెక్కిస్తుంది. ఆ క్లబ్బే 2010లో కోర్టుకెళ్లింది. అలెగ్జాండర్ మెక్‌క్వీన్ ఫ్యాషన్ సంస్థ అమ్ముతున్న ఉంగరం, దుస్తుల మీది రెక్కల పుర్రె తమదేనన్నది ఆరోపణ. చివరికి రాజీ కుదిరింది, ఆ సరుకు వెనక్కి తీసుకుని నాశనం చేయడానికి సంస్థ ఒప్పుకుంది. పుర్రె అందరిదీ అన్నది నిజమే. కానీ రెక్కలు తగిలించిన ఒక ప్రత్యేకమైన పుర్రెకు యజమాని పుట్టుకొచ్చాడు. అక్కడి నుంచే ఆ బొమ్మ అర్థం కుంచించుకుపోవడం మొదలవుతుందని నా అభిప్రాయం.

పుర్రెను నిజంగా అందరిదీ చేసినవాడు మెక్సికో చిత్రకారుడు హోసే గ్వాదలూపే పొసాదా. 1852లో అగ్వాస్‌కాలియెంతెస్‌లో పుట్టాడు. మెక్సికో నగరంలో వనేగాస్ అరోయో అనే ప్రచురణకర్త దగ్గర వీధుల్లో చవకగా అమ్మే కరపత్రాలకు బొమ్మలు చెక్కేవాడు. అక్కడ నవంబర్ మొదట్లో చనిపోయినవాళ్ల పండుగ వస్తుంది. ఆ రోజుల్లో బతికున్న పెద్దమనుషులను చచ్చిపోయినట్టు ఊహించి, వాళ్ల మీద వెక్కిరింత పద్యాలు రాయడం ఆనవాయితీ. పొసాదా వాటికి అస్థిపంజరాల బొమ్మలు వేశాడు. నాయకులు, తాగుబోతులు, సైకిల్ తొక్కేవాళ్లు, అందరూ ఎముకలే. 1910 ప్రాంతాల్లో జింకు రేకు మీద ఒక ఆడ పుర్రెను చెక్కాడు. నెత్తిన ఈకలు, పువ్వులతో పెద్ద ఫ్రెంచి టోపీ. స్థానిక జాతుల్లో పుట్టి, ఆ పుట్టుక దాచుకుని యూరప్ దొరసానుల్లా కనబడాలని తాపత్రయపడేవాళ్ల మీద అది విసురు. ఎంత పెద్ద టోపీ పెట్టినా కింద ఉన్నది అదే ఎముక అన్నాడు. 1913 జనవరిలో పేదరికంలో చనిపోయాడు. ఎవరూ అడగకపోవడంతో కొన్నేళ్ల తర్వాత అతని ఎముకలను దిక్కులేనివాళ్లతో కలిపి ఉమ్మడి గోతిలో వేశారు. 1947లో మరో మెక్సికో చిత్రకారుడు దియేగో రివేరా ఒక పెద్ద కుడ్యచిత్రంలో ఆ టోపీ పుర్రెకు ఒళ్లంతా గౌను తొడిగి, ఒక చేతిని చిన్నపిల్లాడి రూపంలో ఉన్న తనకు పట్టించి, మరో పక్కన పొసాదాను నిలబెట్టాడు. నేడు కత్రీనా అని ప్రపంచమంతా పిలిచే బొమ్మ అది.

ఇప్పుడు ఆ కత్రీనాను పర్సుల మీద, బ్యాగుల మీద, జీను సంచుల మీద పువ్వులతో సహా చెక్కుతున్నారు. తోలు పనిలో గులాబీ, పుర్రె కలిసి ఎంత అందంగా కుదురుతాయో చూసినవాళ్లకు తెలుసు. కానీ పొసాదా వేసిన ప్రశ్న మాత్రం దారిలో జారిపోతోంది. 2013లో డిస్నీ సంస్థ ఆ పండుగ పేరునే ట్రేడ్‌మార్క్ చేసుకోబోయి, జనం మండిపడ్డాక విరమించుకుంది. మెక్సికో నగరంలో ఆ పండుగకు ఇప్పుడు జరిగే భారీ ఊరేగింపు 2016లో మొదలైంది. అంతకుముందు ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ సినిమాలోని ఊరేగింపు చూసి నగరం దాన్ని నిజం చేసింది. 2007లో బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ 8,601 వజ్రాలు పొదిగిన ప్లాటినం పుర్రెకు అయిదు కోట్ల పౌండ్ల ధర చెప్పాడు. టోపీ చూసి నవ్విన పొసాదా పుర్రెకు ఇది పూర్తిగా ఎదురు దారి. వెలకట్టలేని సమానత్వానికి గుర్తు కావాల్సిన ఎముక వెల చూపించడానికి పనికొచ్చింది.

మన దగ్గర కథ ఇంకో రకం. కాళి మెడలో పుర్రెల దండ ఉంది, శివుడి చేతిలో బ్రహ్మ కపాలం ఉంది. బదరీనాథ్‌లో బ్రహ్మకపాలం దగ్గర పిండాలు పెట్టడానికి తెలుగువాళ్లు ఏటా వెళ్తారు. భవభూతి 8వ శతాబ్దంలో రాసిన 'మాలతీమాధవం' నాటకంలో కాపాలికుల, అంటే పుర్రె పట్టుకుని తిరిగే శైవ సాధకుల, సాధనకు పేరున్న చోటుగా శ్రీపర్వతం, అంటే మన శ్రీశైలం, కనిపిస్తుంది. కాబట్టి పుర్రె మనకు దిగుమతి సరుకేమీ కాదు. అయితే దాన్ని ధరించేది దేవుడు, లేదంటే ఇల్లు వదిలేసిన సాధకుడు. సంసారులు గుమ్మం దాటనివ్వరు. అందుకే పుర్రె బొమ్మ టీ షర్ట్ చూసి "ఇంట్లోకి ఆ దరిద్రమేంట్రా" అనే అమ్మలు ఇంకా ఉన్నారు.

తోలుదీ అదే గతి. చచ్చిన పశువును మోసి, తోలు తీసి, పదును చేసి, చెప్పులు కుట్టి, డప్పుకు తోలు బిగించి ఇచ్చిన కులాలను ఊరి చివరకు నెట్టారు. ఆ తోలు లేకపోతే మోట బొక్కెన లేదు, వ్యవసాయం లేదు. అయినా ఆ పని చేసిన చేతులను ముట్టుకోలేదు. చర్మం కింద అందరిదీ ఒకటే ఎముక అన్న మాట గట్టిగా వినిపించాల్సిన నేల ఏదైనా ఉందంటే అది మనదే. షోరూంలో తోలు జాకెట్ వేలకు వేలు పోసి కొంటున్నాం, 'హ్యాండ్ క్రాఫ్టెడ్' అనే ముద్ర చూసి మురిసిపోతున్నాం. ఆ చేతిపనికి పుట్టుకతో వారసులైనవాళ్లకు దక్కాల్సిన గౌరవం మాత్రం ఇంకా దక్కలేదు. ఇది నాకు మింగుడుపడదు.

పుర్రె గురించి ఇంత ఇష్టంగా రాస్తూ దాటవేయకూడనిది ఒకటి ఉంది. 18వ శతాబ్దంలో ప్రష్యా గుర్రపు దళాల టోపీల మీద పుర్రె ఉండేది. ఆ సంప్రదాయాన్ని హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్ లాక్కుంది. నాజీ నిర్బంధ శిబిరాలకు కాపలా కాసిన దళాల పేరే టోటెన్‌కోఫ్, అంటే మృత్యు శిరస్సు. ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్ తన అధికారులకు బహూకరించిన వెండి ఉంగరం మీదా అదే. పొసాదా పుర్రెలో వేసుకున్నవాడి చావు కూడా ఉంది. ఎస్‌ఎస్ టోపీ మీది పుర్రెలో ఎదుటివాడి చావు మాత్రమే ఉంది. రెండింటినీ 'స్కల్ డిజైన్' అని ఒకే గంపలో వేయడం నేరం కాకపోయినా పెద్ద అజ్ఞానం. జర్మనీ చట్టం ఈ తేడాను గుర్తించింది. అక్కడ మామూలు పుర్రె ఉన్న బెల్టు ఎవరైనా అమ్మొచ్చు, ఎస్‌ఎస్ పుర్రెను బహిరంగంగా ప్రదర్శించడం మాత్రం శిక్షా స్మృతి 86ఎ సెక్షన్ కింద నేరం. నాజీ ఉంగరపు నకళ్లు 'బైకర్ రింగ్' పేరుతో ఆన్‌లైన్‌లో తిరుగుతున్నాయి. మన కుర్రాళ్లు తెలియక అలాంటివి కొనే ప్రమాదం ఉంది. అమ్మే సైట్లు ఆ నమూనాలను తీసేయాలి. తోలు మీద చెక్కేవాళ్లు ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మను దించేముందు అది ఎవరి టోపీ మీద నుంచి వచ్చిందో వెతకాలి. ఫోన్‌లో అయిదు నిమిషాల పని.