సవరణ: 2000లో యాష్‌క్రాఫ్ట్ ఓడింది ఎవరి చేతిలో?

అమెరికా రిపబ్లికన్ నేత జాన్ యాష్‌క్రాఫ్ట్ మీద పెట్టిన పోస్టులో, 2000లో అమెరికా సెనేట్ (పార్లమెంటు ఎగువ సభ) ఎన్నికలో ఆయన జీన్ కార్నహాన్ చేతిలో ఓడారని ఉంది, అది సరికాదు. మిస్సోరీ రాష్ట్ర బ్యాలెట్‌లో ఉన్న పేరు ఆమె భర్త, గవర్నర్ మెల్ కార్నహాన్‌ది. పోలింగ్‌కు మూడు వారాల ముందు, అక్టోబర్ 16న, ఆయన విమాన ప్రమాదంలో చనిపోయారు, పేరు మార్చే గడువు అప్పటికే దాటిపోయింది, అయినా జనం ఆయన్నే గెలిపించారు. ఆ సీటులో జీన్‌ను నియమించింది తర్వాత. యాష్‌క్రాఫ్ట్ కోర్టుకెక్కకుండా ఓటమి ఒప్పుకున్నారు, ఇది చెప్పకుండా ఆయన్ని కరడుగట్టిన సంప్రదాయవాది అని వదిలేస్తే అన్యాయమే. ఆ తర్వాత అటార్నీ జనరల్ (అమెరికా న్యాయశాఖ అధిపతి) పదవికి సెనేట్ ఆమోదం కూడా తేలిగ్గా రాలేదు, 2001 ఫిబ్రవరి 1న 58-42తో గట్టెక్కారు. 2004 మార్చిలో, బుష్ ప్రభుత్వం కోర్టు వారెంట్ లేకుండా నడిపిన నిఘా కార్యక్రమం పొడిగింపుకు ఆసుపత్రి మంచం మీద నుంచే ఒప్పుకోనన్నది కూడా ఈయనే.