జడ్చర్ల నుంచి డాలస్‌కి పదహారు గంటలు కాదండి

హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున పదహారు గంటల ప్రయాణం అని ఒకరు రాశారు. భాగహారం కరెక్టే, కానీ అక్కడికి నేరుగా పోయే విమానమేదీ?

పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి పోయినం. జడ్చర్లలో రాత్రి 11కి కారెక్కితే శంషాబాద్‌కి గంటన్నర, అక్కడ చెకిన్ లైన్లో తూకం ఎక్కువైందంటే మా ఇంటావిడ అందరి ముందే పెట్టె విప్పి మామిడికాయ తొక్కు డబ్బా తీసి నా చేతిసంచిలో కుక్కబోయింది, సెక్యూరిటీలో ఆపుతారని దాన్ని డ్రైవర్‌కే ఇచ్చి పంపినం. గురువారం తెల్లవారి 4కి విమానం, దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ ఇంకో నాలుగు కూర్చోవడం, తర్వాత ఏకబిగిన పదహారు. దిగేసరికి అక్కడ గురువారమే, సాయంత్రం ఐదున్నర! మన దగ్గర శుక్రవారం తెల్లవారి 4. ఇమిగ్రేషన్, సామాను, కారు అన్నీ కలిపి ఇంటి నుంచి ఇంటికి ముప్పై ఒక్క గంటలు దాటింది.

దుబాయ్ మీదుగా చుట్టు తిరుగుడు అనుకుంటారు గానీ, పెరిగేది 1,100 కిలోమీటర్లే. మనవడి గ్లోబు మీద దారం పెట్టి చూసిన, హైదరాబాద్ నుంచి డాలస్‌కి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. దుబాయ్ నుంచి కూడా పైకెక్కి దిగడమే.

వచ్చేటప్పుడు డాలస్ నుంచి దుబాయ్‌కి గంటకు పైగానే తగ్గింది, పడమర నుంచి తూర్పుకు వీచే పైగాలి వెనక నుంచి తోస్తుందట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నడవా పక్క సీటే అడగండి.