అటకెక్కించిన లాప్‌టాప్‌లను కిందికి దించండి

మా శనివారం తెలుగు బడిలో నాలుగో తరగతి చదివే ఒక పాప ఏ, కే, కే, ఏ అని నాలుగు మీటలు నొక్కింది. తెర మీద "అక్క" అని పడింది. కళ్ళింత చేసుకుని, "అంకుల్, వత్తు దానంతటదే వచ్చింది!" అంది. ఆ పాప ముందున్నది వాళ్ళ నాన్నగారు 2014లో కొన్న లాప్‌టాప్. ఇక పనికిరాదని పారేయడానికి కారులో పెట్టుకున్నారు. నేను అడిగి తీసుకుని అందులో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను.

మన ఇళ్ళలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి. 2017కు ముందు కొన్నవాటిలో చాలామటుకు అక్కడే ఆగిపోతాయి. నిక్షేపంలా పనిచేసే యంత్రాన్ని చెత్తలో వేయడానికి నాకు మనసొప్పదు. నాలుగు జీబీ మెమరీ ఉంటే చాలు, మింట్ హాయిగా నడుస్తుంది. పైసా కట్టక్కర్లేదు.

డబ్బు మిగలడం ఒక్కటే కాదు, నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ పాప ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసిన పద్ధతి పేరు ఆర్‌టీఎస్. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ మనలాగే ఊరికి దూరంగా ఉంటూ, కంప్యూటర్‌లో తెలుగు రాసుకోవాలనే తపనతో తయారుచేసిన పద్ధతి అది. ఇవాళ లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనానికి, రకరకాల భాషల కీబోర్డులుండే ఎం17ఎన్ ప్యాకేజీని జతచేస్తే ఆ కీబోర్డు వచ్చేస్తుంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్ళు డెబియన్ అనే మరో రకం లినక్స్ మీద ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తెచ్చారు. మెనూలో ఒక తెలుగు మాట తప్పుగా కనిపిస్తే మనమే దిద్ది పంపవచ్చు. ఎవరి దయా అక్కర్లేదు. మన భాషకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇబ్బందులు లేవని నేను అనను. ఫోటోషాప్ మీద బతికేవాళ్ళు, పన్నుల సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లోనే వేసుకుని వాడేవాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిది. ఆఫీసు లాప్‌టాప్‌ని అసలు ముట్టుకోవద్దు. మిగతావాళ్ళం రోజూ చేసేదేమిటి? మెయిలు, బ్యాంకు, యూట్యూబు, ఇండియాలో అమ్మానాన్నలతో జూమ్, పిల్లల హోంవర్కు. ఇవన్నీ నడుస్తాయి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు లిబ్రే ఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటాయి. బాగా అలంకరించిన ఫైళ్ళలో మాత్రం వరసలు కాస్త అటూఇటూ అవుతాయి.

అసలు చూడ్డానికి ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు కూడా. మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా చూసుకుని అప్పుడు నిర్ణయించుకోవచ్చు. అప్పటిదాకా లోపలున్నది చెక్కు చెదరదు.

మన సంఘం ఏటా తెలుగు బడికి కొత్త టాబ్లెట్లు కొనే మాట ఎత్తుతుంది. ఈసారి ఆ డబ్బు పుస్తకాలకు పెడదాం. యంత్రాలు మన అటకల మీదే ఉన్నాయి. వచ్చే నెల రెండు శనివారాలూ బడి అయ్యాక నేను అక్కడే ఉంటాను. ముందు మీ ఫోటోలన్నీ వేరే డ్రైవులోకి ఎక్కించుకోండి, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు మొత్తం తుడిచేస్తాం. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి. చార్జరు కూడా.