విండ్‌వేన్ కొనే ముందు మీ పడవ చుక్కానిని చూడండి

బరంపురంలోనూ ఇచ్ఛాపురంలోనూ నాకు తెలిసిన యువకులు కొందరు పాత తెరచాప యాట్ ఒకటి కలిసి కొని, బాగు చేయించుకుని, అండమాన్ వరకు వెళ్ళి రావాలని ఆలోచన చేస్తున్నారు. ఆలోచన మంచిది, నేను మనసారా సమర్థిస్తాను. కాని వారు వ్రాసుకున్న ఖర్చుల పట్టీలో దారిని తెర మీద చూపే చార్ట్‌ప్లాటర్ ఉంది, రాడార్ ఉంది, ఎలక్ట్రిక్ ఆటోపైలట్ ఉంది, ఫ్రిజ్ కూడా ఉంది. గాలి ఆధారంగా పడవను దానంతట అదే నడిపించే విండ్‌వేన్ మాత్రం చిట్టచివర, "డబ్బు మిగిలితే" అన్న మాట పక్కన ఉంది. ఈ వరుస తలకిందులుగా ఉందని నా గట్టి అభిప్రాయం. ఇదే వరుస మరెందరో పెట్టుకుంటున్నారు కనుక ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

విశాఖపట్నం నుండి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) సుమారు 650 నాటికల్ మైళ్ళు. గంటకు 5 నాటికల్ మైళ్ళు, అంటే 5 నాట్ల వేగంతో, నడిచే పడవకు అది అయిదున్నర రోజుల ప్రయాణం. ఇద్దరే మనుషులున్న పడవలో పగలూ రాత్రీ ఎవరో ఒకరు చుక్కాని పిడి పట్టుకుని కూర్చోవాలంటే మూడో రోజుకే ఒళ్ళు హూనమవుతుంది. నిద్ర లేని మనిషి చార్టు తప్పుగా చదువుతాడు, తెరచాప తగ్గించవలసిన వేళ "ఇంకాసేపు చూద్దాం" అనుకుంటాడు. ఎలక్ట్రిక్ ఆటోపైలట్ ఆ పని చేస్తుంది, నిజమే. అయితే అది బ్యాటరీ నుండి సగటున 3 ఆంపియర్లు మాత్రమే లాగినా రోజుకు 72 ఆంపియర్-అవర్లు అవుతాయి. గాలి ముదిరి అలలు పెద్దవైన కొద్దీ, అంటే సరిగ్గా మనకు దాని అవసరం ఎక్కువైన వేళకే, అది మరింత కరెంటు తాగుతుంది. విండ్‌వేన్‌కు బ్యాటరీతో పని లేదు. గాలి పెరిగి పడవ వేగం పెరిగిన కొద్దీ దాని బలమూ పెరుగుతుంది.

ఎలా పెరుగుతుందో తెలియాలంటే సర్వో-పెండ్యులం అనే విండ్‌వేన్ పద్ధతిని అర్థం చేసుకోవాలి. పైన ఒక పల్చని ప్లైవుడ్ రెక్క ఉంటుంది. పడవను కావలసిన దిశలో పెట్టి, ఆ రెక్క అంచు గాలికి ఎదురుగా ఉండేటట్లు తిప్పి బిగిస్తాము. పడవ దారి తప్పిన మరుక్షణం గాలి రెక్క పక్కభాగాన్ని కొడుతుంది, రెక్క ఒరుగుతుంది. ఆ ఒరుగుడు చిన్నపాటి కడ్డీ ద్వారా కిందికి దిగి, నీటిలో వేలాడుతున్న తెడ్డును కొద్దిగా మెలితిప్పుతుంది. మెలిపడిన తెడ్డును పారుతున్న నీరు బలంగా పక్కకు తోస్తుంది. ఆ తోపుడే తాళ్ళ ద్వారా చుక్కాని పిడిని లాగి పడవను తిరిగి దారికి తెస్తుంది. నీటి తోపుడు వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, 2 నాట్ల వేగంలో ఉన్న బలానికి 6 నాట్ల వేగంలో తొమ్మిది రెట్లు ఉంటుంది. గోపాల్‌పూర్ ఒడ్డున ఒక పెద్దాయన, వయసులో ఉండగా తెప్ప మీద తెరచాప కట్టి వేటకు వెళ్ళినవారు, నేను గీసి చూపించిన బొమ్మను కాసేపు చూసి, "గాలి సెప్తాది, నీరు సేస్తాది, అంతే కదా బాబూ" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఈ పద్ధతిని రూపొందించినవాడు బ్లాండీ హాస్లర్ అనే బ్రిటిష్ నావికుడు. 1960లో అట్లాంటిక్ మీద జరిగిన మొదటి ఒంటరి తెరచాప పందెంలో ఆయనా, ఫ్రాన్సిస్ చిచెస్టరూ పాల్గొన్నారు. ఒక్క మనిషి మహాసముద్రం దాటాలంటే పడవ దానంతట అది నడవాలన్న అవసరం ఆ పందెంతోనే అందరికీ అర్థమైంది. తరువాత వచ్చిన ఏరీస్, మానిటర్, విండ్‌పైలట్, కేప్ హార్న్ వంటి విండ్‌వేన్‌లన్నీ హాస్లర్ దారిలోనివే. హైడ్రోవేన్ దారి వేరు. దానికి సొంత చుక్కాని ఉంటుంది. పడవ అసలు చుక్కానిని ఒకచోట కట్టివేస్తే, గాలి రెక్క ఆ చిన్న చుక్కానిని నేరుగా తిప్పుతుంది.

"ఏ కంపెనీది మంచిది?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నే తప్పు. మీ పడవ చుక్కాని ఎలా తిరుగుతుందన్నది మొదటి ప్రశ్న. చుక్కాని పిడి నేరుగా చేతికి వచ్చే పడవ అయితే సర్వో-పెండ్యులాన్ని మించినది లేదు. పిడికి బదులు చక్రం ఉన్న పడవకు చక్రం మీద డ్రమ్ము బిగించి తాళ్ళు చుట్టవచ్చును గాని, చక్రం లోపలి గొలుసూ కేబుళ్ళూ గట్టిగా ఉంటే సగం బలం అక్కడే హరించిపోతుంది. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ చక్రం అయితే సర్వో-పెండ్యులం జోలికే పోకండి. అక్కడ హైడ్రోవేన్ వంటి విడి చుక్కానే దారి. విడి చుక్కానికి మరొక గుణం ఉంది. నడిసముద్రంలో అసలు చుక్కాని విరిగితే అదే ప్రాణాధారం. అయితే పడవ బరువు పెరిగిన కొద్దీ దాని శక్తి చాలదు. ఇక చుక్కాని పడవ వెనుక పలకకు బయటే వేలాడే పాత నమూనాలకు, చుక్కాని అంచునే చిన్న రెక్క అతికించే ట్రిమ్-ట్యాబ్ పద్ధతి చవకైనది, చేతిపని తెలిసినవారు సొంతంగా చేసుకోదగినది. విదేశీ యంత్రం కొత్తది కొనాలంటే లక్షలలో మాట గనుక ఈ సంగతి మనవాళ్ళు తప్పక గుర్తుంచుకోవాలి.

బిగించే పని మీద నాకు పట్టింపు ఎక్కువ. ఖరీదైన యంత్రం కొని, బిగింపులో చెడగొట్టుకున్న పడవలు చూశాను. ముందు అట్టతో గాని ప్లైవుడ్‌తో గాని నమూనా కోసి వెనుక పలక మీద పెట్టి చూడాలి. గాలి రెక్క ఎటు తిరిగినా, ఎటు ఒరిగినా, తెరచాప కొయ్యను వెనక్కి లాగిపట్టే తీగకూ సోలార్ పలకల చట్రానికీ తగలకూడదు. యంత్రం నిట్టనిలువుగా నిలవాలి. నిలువును వెనుక పలక వాలును బట్టి కాక, సామాను నిండిన పడవ నీటిలో నిలిచిన తీరును బట్టి చూసుకోవాలి. వెనుక పలక రెండు ఫైబర్ పొరల మధ్య తేలిక చెక్క కూర్చినదైతే, బోల్టు రంధ్రం చుట్టూ ఆ చెక్కను తవ్వి తీసి ఎపాక్సీ జిగురు నింపిన తరువాతే బోల్టు వేయాలి. లేకపోతే నీరు లోపలికి చేరి చెక్క కుళ్ళిపోతుంది. లోపలి వైపున ప్రతి బోల్టు కిందా వెడల్పాటి పట్టీ ఉండాలి.

ఇనుము విషయంలో మరీ జాగ్రత్త. మా ప్రాంతపు వర్క్‌షాపు ఒకదానిలో ఒక మిత్రుని పడవకు బ్రాకెట్లు చేయించాము. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని స్పష్టంగా వ్రాసి ఇచ్చాము, ఆ ధరే కట్టాము. ఇచ్చింది 202 రకం. అయస్కాంతం అంటుకోకపోవడం చూపించి వర్క్‌షాపువారు మంచిదే అన్నారు. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు గనుక ఆ పరీక్షకు విలువ లేదు. ఒక్క వర్షాకాలం ఉప్పుగాలికే వెల్డింగు అతుకుల చుట్టూ ఎర్రటి చారలు దిగాయి, గోటితో గీరితే గుంటలు తగిలాయి. వంటగిన్నెల స్టాండుకు పనికివచ్చే ఇనుమును మనుషుల ప్రాణాలు ఆధారపడే చోట బిగించడం నేరమని నేను అంటాను. స్టీలు రకాన్ని తెలిపే మిల్లు సర్టిఫికెట్ చూపించని చోట ఒక్క ముక్క కూడా తీసుకోకండి.

తాళ్ళ విషయం దీనికంటే చిన్నదిగా కనిపిస్తుంది, కాని యంత్రం జయాపజయాలు అక్కడే తేలుతాయి. సాగని తాడు, డైనీమా వంటిది, వాడాలి. మామూలు నైలాను తాడు సాగుతుంది, తెడ్డు ఊగినంతా ఆ సాగుడులోనే పోతుంది. కప్పీలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఉన్నవి బాల్‌బేరింగ్‌వి కావాలి. అంతా బిగించాక ఒడ్డున ఉండగానే తెడ్డును చేత్తో వేలెడంత కదిపి చూడండి. చుక్కాని పిడి వెంటనే కదలాలి. ముందు తాడు బిగిసి, ఆ తరువాత పిడి కదిలితే, ఆ ఆలస్యమే నెమ్మదైన గాలిలో పడవను పాములా వంకరలు తిప్పుతుంది. అటువంటప్పుడు చాలామంది యంత్రాన్ని తిడతారు.

పడవనే సరిగా సర్దుకోనివారికి ఏ విండ్‌వేన్ సహాయం చేయలేదు. ముంబైలో టేకుతో కట్టిన సుహైలీ పడవ మీద రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968లో బయలుదేరి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి అయ్యారు. ఆయన విండ్‌వేన్ ఆస్ట్రేలియా దగ్గరికి వచ్చేసరికే విరిగిపోయింది. మిగిలిన దూరంలో తెరచాపలను తగిన పాళ్ళలో ఉంచి పడవను నడుపుకుంటూ వచ్చారు. ఒంటరిగా భూమిని చుట్టివచ్చే, ఎలక్ట్రిక్ ఆటోపైలట్లను అనుమతించని 2022 గోల్డెన్ గ్లోబ్ పందెంలో మన అభిలాష్ టామీ విండ్‌వేన్ భాగాలు విరిగినప్పుడు మరుగుదొడ్డి తలుపు చెక్కను కోసి కొత్తవి చేసుకుని, 2023 ఏప్రిల్ 29న రెండవ స్థానంలో పందెం ముగించారు. రంపం, చెక్క, చేతిలో పని ఉంటే బాగు చేసుకోగలిగిన యంత్రం అది. కాలిపోయిన సర్క్యూట్ బోర్డును నడిసముద్రంలో ఎవరు బాగుచేస్తారు? రుషికుల్య ఒడ్డున కొండ మీద వెలసిన మన తారాతారిణి పేరు పెట్టుకున్న నౌకాదళపు తారిణి పడవలో 2017-18లో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారులలో స్వాతి, ఐశ్వర్య తెలుగువారే. ఈ విద్య మనకు అందనిదేమీ కాదు.

అండమాన్ ప్రయాణానికి ఈశాన్యపు గాలి ఎడమ పక్క నుండి వచ్చే డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. పక్కగాలిలో విండ్‌వేన్ ఎంతో స్థిరంగా నడుస్తుంది. నేరుగా వెనుక నుండి వచ్చే బలహీనమైన గాలి దానికి కష్టం, ఎందుకంటే పడవ వేగం ఆ గాలిని మరింత తగ్గిస్తుంది. తీరం దగ్గర వేరే ప్రమాదం ఉంది. విండ్‌వేన్ దిక్సూచిని చూడదు, గాలిని చూస్తుంది. మధ్యాహ్నపు సముద్రపు గాలికి సరిచేసి పెట్టి పడుకుంటే, రాత్రి నేల గాలి తిరిగిన మేరకు పడవ కూడా తిరుగుతుంది, ఎవరికీ చెప్పకుండా తిరుగుతుంది. మన జాలరుల వలలు, దీపం లేని నాటు పడవలు దానికి కనబడవు. వలలు వేసే నీళ్ళు దాటేవరకు యంత్రపు తాళ్ళను పిడి నుండి విప్పి, పిడి చేతిలోకి తీసుకుని, ఒకరు ముందు నిలబడి చూస్తూ ఉండాలి. బయటి సముద్రంలో కూడా పావుగంటకు ఒకసారి దిక్సూచినీ చుట్టూ సముద్రాన్నీ చూడనివారు విండ్‌వేన్ బిగించుకోకపోవడమే మేలు.