ఎల్ బోర్డు అంటే ‘సైకిల్ దిగు’ అని కాదు

వారం రోజులుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, స్కూలు స్నేహితుల గ్రూపులో, ఆఖరికి మా బావమరిది పెళ్ళి పనుల కోసం పెట్టిన గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. “ఎల్ బోర్డు కారు కనపడితే సైకిల్ వాళ్ళు దిగి పక్కన ఆగాలి. వాళ్ళు రోడ్ ట్యాక్స్ కట్టరు, లైసెన్సు లేదు. నేర్చుకునేవాళ్ళు పొరపాటున తగిలించినా కేసు నిలబడదు. సరదాగా తొక్కాలనుకుంటే పార్కులో తొక్కుకోండి. పదిమందికీ పంపండి.” నాకే నాలుగుసార్లు వచ్చింది.

నేను విజయవాడలో పటమట నుంచి గవర్నర్‌పేటకి రోజూ సైకిల్ మీదే ఉద్యోగానికి వెళ్తాను. కారూ ఉంది. అది డ్రైవింగ్ స్కూల్లోనే నేర్చుకున్నాను, కాబట్టి ఆ బండి లోపలి టెన్షన్ కూడా నాకు తెలుసు.

“రోడ్ ట్యాక్స్ కట్టరు.” నిజమే. అది మోటారు వాహనం మీద వేసే పన్ను, రోడ్డెక్కడానికి కొనుక్కునే టికెట్ కాదు. కారు కొన్నప్పుడు నేను లైఫ్ ట్యాక్స్ కట్టాను. సైకిలెక్కిన రోజున అది మురిగిపోతుందా? ఒకప్పుడు సైకిళ్ళకీ మునిసిపాలిటీ పన్ను ఉండేది. మా నాన్నగారి సైకిల్‌కి ఆ పన్ను కట్టినట్టు బిళ్ళ ఉండేది. ఆ బిళ్ళ చూపించి ఆయన ఏ లారీనీ పక్కకి జరగమన్న గుర్తు లేదు.

“లైసెన్సు లేదు.” అక్కర్లేదు కాబట్టి లేదు. 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సు అడిగేది మోటారు బండి నడిపేవాళ్ళని. కాలితో తొక్కే సైకిల్ ఆ లెక్కలోకే రాదు. ఆ మాటకొస్తే ఎల్ బోర్డు కారులో స్టీరింగ్ పట్టుకున్నాయనకీ పూర్తి లైసెన్సు లేదు. ఆయన దగ్గరున్నది ఎల్‌ఎల్‌ఆర్. ఆరు నెలలు చెల్లుబాటయ్యే, షరతులు పెట్టి ఇచ్చిన అనుమతి.

ఆ షరతులేమిటో చూస్తే “దిగి ఆగాలి” అన్న మాట ఎంత తలకిందులో అర్థమవుతుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడోది ఇది. నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న శిక్షకుడు ఉండాలి. ఊరికే ఉంటే చాలదు, బండిని అదుపు చేయగల లేదా ఆపగల చోట కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు. డ్రైవింగ్ స్కూలు కారైతే 24వ నిబంధన ప్రకారం శిక్షకుడి కాళ్ళ దగ్గర కూడా కంట్రోలు ఉండాలి. ఇందులో ఎదురొచ్చేవాళ్ళ మీద పెట్టిన షరతు ఒక్కటీ లేదు. “ఈ బండి ఇంకా చేతిలోకి రాలేదు” అని కారు తన గురించి తాను చెప్పుకునేదే ఆ ఎర్ర అక్షరం. దాన్ని అంబులెన్సు సైరన్ లాగా చదువుతున్నారు మెసేజ్ రాసినవాళ్ళు. 2017లో వచ్చిన డ్రైవింగ్ నియమాలయితే పాదచారులు, సైకిల్ వాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళ విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాల్సింది డ్రైవరేనని చెప్తున్నాయి.

చట్టం సంగతి అలా ఉంచి, కారులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో గుర్తు తెచ్చుకోండి. నేర్చుకునేవాడు కుడివైపు, మాస్టారు ఎడమవైపు. సైకిల్ పోయేది రోడ్డు ఎడమ అంచున. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆఖరున వచ్చే విద్య ఎడమవైపు ఎంత జాగా ఉందో అంచనా వేయడం. నాకయితే రెండు నెలలు పట్టింది, ఈలోగా మా గేటు స్తంభానికి రెండు గీతలు. అంటే సైకిల్ ఎంత దగ్గరలో ఉందో స్టీరింగ్ పట్టుకున్నాయనకి తెలీదు. కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా చూస్తున్నది మాస్టారు ఒక్కరే. బ్రేకూ ఆయన కాలి కిందే ఉంది. అయినా ఆయన నోట వచ్చే మాట ఎప్పుడూ ఒకటే: “హారన్ కొట్టు, వాడే జరుగుతాడు.” నాకు నేర్పిన మాస్టారూ అదే నేర్పారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. సెకండ్ గేరులో భయంభయంగా పోయే కారు గంటకి 20 కిలోమీటర్లు, నా సైకిల్ 15 అనుకోండి. తేడా 5 కిలోమీటర్లు, అంటే సెకనుకి మీటరున్నర కూడా కాదు. కారు పొడవు, సైకిల్ పొడవు, ముందూ వెనకా కాస్త ఎడం కలిపి 12 మీటర్లు దాటాలంటే దాదాపు 9 సెకన్లు పడుతుంది. ఆ తొమ్మిది సెకన్లలో కారు 50 మీటర్లు పోతుంది. అంతసేపూ ఆ కొత్త చేతులు నా భుజం పక్కనే ఉంటాయి. ఈలోగా ఎదురుగా ఒక ఆటో వస్తే స్టీరింగ్ తిరిగేది నావైపే. ఏలూరు రోడ్డు మీద 50 మీటర్లు ఏ అడ్డూ లేకుండా దొరకడం సంగతి మీకే తెలుసు. వెనకాలే నెమ్మదిగా వస్తే పోయేది అర నిమిషం. నిబంధనల ప్రకారం స్కూల్లో శిక్షణ 21 రోజులకి తగ్గకూడదు, చక్రం పట్టుకుని తోలేది 10 గంటలకి తగ్గకూడదు. ఆ పది గంటల్లోంచి అర నిమిషం సైకిల్ వెనక ఆగడం నేర్చుకోవడానికి పోతే నష్టమేమిటి?

నాకు జరిగింది కూడా చెప్తాను. మొన్న మాఘంలో, సత్యనారాయణపురం బీఆర్‌టీఎస్ రోడ్డు మీద, పొద్దున్నే ఆరింటికి. ఒక డ్రైవింగ్ స్కూలు కారు నన్ను దాటబోయి అద్దంతో నా మోచేతిని రాసుకుంటూ పోయి, నాలుగు గజాల ముందు ఇంజను ఆగి నిలబడిపోయింది. నేను కింద పడలేదు, చలిమంట కాగుతున్నవాళ్ళ మీదకి వెళ్ళి ఆగాను. మాస్టారు తల బయట పెట్టి, “ఏం బాబాయ్, నేర్చుకునే బండి, బోర్డు కనపట్లా?” అన్నాడు.

“బోర్డు బాగానే కనపడింది. నేనే నీకు కనపడలా” అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయాడు గానీ, స్టీరింగ్ దగ్గరున్న అమ్మాయి కారు దిగి వచ్చేసింది. చేతులు వణుకుతున్నాయి. “సారీ అంకుల్, నేను వెనకే ఉందామనుకున్నా. సారే వెళ్ళిపొమ్మన్నారు.” ఆ అమ్మాయికి తెలుసు, ఆగాలని. ఆగకూడదని డబ్బులు తీసుకుని మరీ నేర్పుతున్నారు.

సైకిల్ వాళ్ళ తప్పులు లేవా అంటే, ఉన్నాయి. బెంజి సర్కిల్ దగ్గర రాంగ్ సైడులో వచ్చేవాళ్ళని, చీకట్లో వెనక రిఫ్లెక్టరయినా లేకుండా తొక్కేవాళ్ళని చూస్తే నాకే ఒళ్ళు మండుతుంది. ఆ మెసేజ్‌లో ఇలాంటివాళ్ళ గురించి రాసి ఉంటే నేనే పదిమందికీ పంపేవాణ్ణి.

“కేసు నిలబడదు” అన్నది మాత్రం ప్రమాదకరమైన అబద్ధం. దాన్ని నమ్మి ఎవరైనా గుద్ది వెళ్ళిపోగలరు. ఎల్‌ఎల్‌ఆర్ ఉంటే నిర్లక్ష్యానికి మినహాయింపు అని ఏ చట్టంలోనూ లేదు. అజాగ్రత్తగా బండి నడపడం భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద నేరమే, నడిపేవాడి దగ్గర ఏ కార్డు ఉన్నా సరే. గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడమని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెప్తుంది. ఇన్సూరెన్సు పాలసీ తీసి చదవండి: నేర్చుకునేవాళ్ళు నడపొచ్చు గానీ, పైన చెప్పిన మూడో నిబంధన పాటించాలని అందులో రాసి ఉంటుంది. సొంత కారులో కొడుక్కి నేర్పుతూ వెనక సీట్లో కూర్చుని ఫోన్ చూసుకునే నాన్నలు ఆ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఇక “సరదాగా పార్కులో తొక్కుకోండి”. పొద్దున ఐదున్నరకి బందరు రోడ్డు మీద సైకిల్ తొక్కేది పేపరు వేసే కుర్రాళ్ళు, పాలవాళ్ళు, అపార్ట్‌మెంట్లకి డ్యూటీకెళ్ళే వాచ్‌మన్‌లు. కాసేపాగితే ఆటోనగర్ షెడ్లకి పోయే హెల్పర్లు, క్యారేజీ కట్టుకున్న తాపీ పనివాళ్ళు. సరదా ఎక్కడుందో నాకు కనపడలేదు. పైగా మా పేట పార్కు గేటు పక్కన ‘సైకిళ్ళు లోపలికి తేరాదు’ అని పెయింటుతో రాసుంది. పాలాయన రోజూ ఆ రాతకే సైకిల్ ఆనించి, ప్యాకెట్ల సంచీ భుజాన వేసుకుని మా మెట్లెక్కుతాడు.