డీఎస్పీ గారి నవలలో కోడి లేదు

రిటైరైన డీఎస్పీ గారొకాయన నవల రాశారని మా డెల్టా రచయితలు తెగ బాధపడిపోతున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనల్ని వేధించింది చాలక ఇప్పుడు అవార్డులకి కూడా పోటీకొస్తాడా అని వాళ్ళ గుబులు. ఇది శుద్ధ అసూయ. మిగతావాళ్ళంతా కాలక్షేపానికి రాయడం మొదలెట్టినవాళ్ళు. ప్రభుత్వ ఖర్చుతో కల్పనలో శిక్షణ పొందినవాడు ఆయనొక్కడే.

సాక్షి వాంగ్మూలం సంగతే చూడండి. దర్యాప్తు అధికారి రాసుకున్న వాంగ్మూలం కింద సాక్షి సంతకం ఉండకూడదని చట్టమే చెబుతుంది. పాత్ర చేత తన మాటలు పలికించుకునే స్వేచ్ఛ ఏ రచయితకైనా ఇంత అధికారికంగా దొరికిందా? పోనీ నేరం ఒప్పుకోలు? పోలీసు దగ్గర ఒప్పుకున్నది రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ తేల్చేసింది. 2024 జులైలో చట్టం పేరు మారినా ఆ మాట మారలేదు. రుజువుగా పనికిరానిదని తెలిసీ ఓపిగ్గా పేజీలకు పేజీలు రాసుకుంటూ పోవడాన్ని సాహిత్య సేవ అనక ఇంకేమంటారు?

అన్నట్టు, ప్రతి స్టేషన్‌లోనూ రైటర్ అని ఒక హెడ్ కానిస్టేబుల్ ఉంటాడు. రాత ఆయనది, సంతకం ఎస్సై గారిది. ఈ నవల అసలు ఎవరు రాశారన్న పుకార్ల జోలికి నేను పోను.

ఇక కథ. మొదటి ప్రకరణంలోనే కాలువలో శవం తేలుతుంది. గుర్తు తెలియని మగ మనిషి, చామనఛాయ, వయసు సుమారు 35–40. పాఠకుడు ఊపిరి బిగబట్టి పేజీ తిప్పుతాడు. మూడో ప్రకరణానికి శవం వంతెన దాటి పక్క స్టేషన్ లిమిట్స్‌లోకి వెళ్ళిపోతుంది. కథానాయకుడైన ఎస్సై గారు టీ తెప్పించుకుంటారు. ఆ శవం మళ్ళీ నవలలో కనిపించదు. హంతకుడెవరని అడిగే పాఠకుడికి స్టేషన్ సరిహద్దుల మీద గౌరవం లేనట్టే. రచయిత మెలకువ ఏమిటంటే కథ జూన్‌లో మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మనకి కాలువలకి నీళ్ళు కట్టేస్తారు కదా, శవం ఉన్నచోటే ఉండిపోయి కేసు మెడకి చుట్టుకుంటుంది. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలాక రాస్తే ఆ బెడద లేదు. కథా నిర్మాణంలో ఇంత ముందుచూపు నేనెక్కడా చూడలేదు.

అయితే నవలకి గుండెకాయ సంక్రాంతి ప్రకరణం. భీమవరం పక్క ఊరు. గొబ్బెమ్మలున్నాయి, హరిదాసున్నాడు, అరిసెల పాకం గురించి రెండు పేజీలున్నాయి. కోడి మాత్రం లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1974 నాటి జూద చట్టం, ఆపైన హైకోర్టు ఉత్తర్వులు ఉండగా కోడెలా వస్తుంది? భోగికి వారం ముందే పందెం బరులు ట్రాక్టరు పెట్టి దున్నించేశారు, కత్తులు కట్టేవాళ్ళని తహసీల్దారు దగ్గర బైండోవర్ చేసేశారు. రికార్డు ప్రకారం పందెం లేదు. రికార్డులో లేనిది నవలలో రాస్తే అది అబద్ధమవదూ? అందుకని పండగ మూడు రోజులూ మన ఎస్సై గారికి ఊళ్ళో ఒక్క మగాడూ ఎదురుపడడు. ఎందుకో ఆయనకి అంతుపట్టదు. కొబ్బరితోట వెనక ఫ్లడ్‌లైట్లు, వందల కార్లు, జనం కేకలు. ‘భజన కాబోలు’ అనుకుని భక్తితో చెప్పులు విప్పుతాడు. ఈ ఒక్క వాక్యం కోసమే పుస్తకం కొనొచ్చు.

కొన్నారు కూడా. రాజమండ్రిలో ఆవిష్కరణ నాడు రైసుమిల్లుల వారు, రొయ్యల చెరువుల వారు, వైన్‌షాపుల వారు కట్టలకు కట్టలు పట్టుకెళ్ళారు. చదివినవాళ్ళు ఎందరో తెలియదు గానీ అందరూ రసీదు మాత్రం అడిగి మరీ తీసుకున్నారు. సమీక్షకులు ముగ్గురూ పుస్తకం అద్భుతమన్నారు. అందులో ఒకాయన కొడుకు పాస్‌పోర్టు వెరిఫికేషన్ ఇంకా పెండింగులో ఉందిట. మనిషి రిటైరైనా పరపతి రిటైరవదుగా.

వెనక వరసలోంచి పందెం కోళ్ళలో డేగల్నీ నెమళ్ళనీ సాకే పెద్దాయనొకడు లేచి, “అయ్యగారూ, సంకురాత్రి బాగా రాశారండీ. మరి మా డేగ ఏదండీ? పోయినేడు తమరొచ్చి ముందు కుర్చీలో కూచుని సూసారు గదండీ, ఆయ్!” అన్నాడు. సభలో ఎవరికో దగ్గొచ్చింది. డీఎస్పీ గారు నవ్వి, ఆయన పేరూ ఊరూ రాసుకోమని పక్కవాడికి సైగ చేశారు. అలవాటు.

రెండో నవల గోదావరి ఇసుక ర్యాంపుల నేపథ్యంలో వస్తోందిట. ప్రతి పేజీలోనూ నది ఉంటుందని వేదిక మీదే మాటిచ్చారు. మరి ఇసుక ఉంటుందాండీ అని నేనే అడిగాను.

“అది మైనింగు వాళ్ళ సబ్జెక్టండీ,” అన్నారు.