పోర్ట్ మార్చే ముందు ఒక్క నిమిషం

సొంత కంప్యూటర్‌లోనే పీహెచ్‌పీ సైట్లు నడిపి చూసుకునే ఎక్సాంప్ సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌లో వాడటం గురించి మీరు రాసిన వ్యాసంలో, అందులోని వెబ్ సర్వర్ అపాచీ స్టార్ట్ కాకపోతే వెంటనే పోర్ట్‌ను (సర్వర్ వాడే ద్వారం నంబరు, మామూలుగా 80) 8080కి మార్చేయమన్నారు. పని నడుస్తుంది, కాదనను, కానీ ముందు 80లో ఎవరు తిష్ఠ వేశారో చూడాలి కదండీ. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ -ఏఎన్ఓ కొడితే చివరి కాలమ్‌లో పీఐడీ (ఆ పోర్ట్‌ను పట్టుకున్న ప్రోగ్రామ్ నంబరు) వస్తుంది, అది 4 అయితే విండోసే పట్టుకుని ఉన్నట్టు, చాలాసార్లు దాని వెనక ఉండేది ఐఐఎస్, అంటే విండోస్ సొంత వెబ్ సర్వర్. సర్వీసెస్‌లో వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్ ఆపేస్తే గొడవ వదిలిపోతుంది.

అసలు తలనొప్పి పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్లది (పీహెచ్‌పీకి అదనపు పనులు నేర్పే ముక్కలు), దాన్ని మీరు ముట్టుకోనేలేదు. పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చిపెట్టే కంపోజర్, బొమ్మలతో పనిచేసే జీడీ ఎక్స్‌టెన్షన్ లేదంటుంది, పీహెచ్‌పీ సెట్టింగ్స్ ఫైలు పీహెచ్‌పీ డాట్ ఐఎన్‌ఐ తెరిచి జీడీ లైను ముందున్న సెమీకోలన్ తీసేసి సేవ్ చేస్తాం, అయినా మళ్లీ అదే పాట. ఎందుకంటే అపాచీ వాడే పీహెచ్‌పీ ఒకటి, పాత్‌లో (కమాండ్ కొడితే విండోస్ ప్రోగ్రామ్ కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) ముందు దొరికి కంపోజర్ వాడేది ఇంకొకటి కావచ్చు, అప్పుడు వాటి ఐఎన్‌ఐ ఫైళ్లూ వేరే. కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ పీహెచ్‌పీ అని కొడితే ఎన్ని ఉన్నాయో బయటపడుతుంది (పవర్‌షెల్‌లో వేర్ డాట్ ఈఎక్స్‌ఈ అని పూర్తిగా కొట్టాలి, లేకపోతే ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది). పీహెచ్‌పీ --ఐఎన్‌ఐ కొడితే కమాండ్ లైన్ ఏ ఫైలు చదువుతోందో తెలుస్తుంది, బ్రౌజర్ వైపు సంగతి మాత్రం పీహెచ్‌పీఇన్ఫో పేజీలో లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్ అనే లైనులోనే చూడాలి. మార్చాక అపాచీని రీస్టార్ట్ చేయండి.

ఇంకోటి, ఈ ఐఎన్‌ఐ ఫైలును నోట్‌ప్యాడ్‌లో కొత్తగా సేవ్ చేస్తే పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగులుకోవచ్చు, ఎక్స్‌ప్లోరర్ దాన్ని దాచేస్తుంది కాబట్టి కంటికి అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది.